కరువు కాలపు మొనగాడు

సిగ్గు విడిచి మీకొక్కరికే చెబుతున్నాను. నాకు టాంగో నాట్యం బ్రహ్మాండంగా వచ్చేసిందని కొంతకాలం మనసారా నమ్మాను.

న్యూజెర్సీలో నేను నేర్చుకున్న చోట ఆడవాళ్ళు ఎక్కువ, మగవాళ్ళు తక్కువ. పాట మొదలైతే చాలు, నాకు జోడీ సిద్ధం. మంచినీళ్ళు తాగే తీరిక కూడా ఉండేది కాదు. కొరత వల్ల వచ్చిన గిరాకీని నా గొప్పతనం ఖాతాలో వేసుకున్నాను. "నడిపించడమే కాదు, ఒకరు నడిపిస్తే నడవడం కూడా నేర్చుకోండి" అని మాస్టారు చెబితే, ఆడవాళ్ళ అడుగులు నాకెందుకన్నాను. నా చోట మీరున్నా అదే అనేవారేమో. అడిగేవాళ్ళు అంతమంది ఉంటే సాధన ఎవరికి గుర్తొస్తుంది?

తర్వాత న్యూయార్క్‌లో ఒక మిలోంగాకు వెళ్ళాను. రాత్రంతా టాంగో ఆడే చోటు అది. అక్కడ నోటితో పిలవరు, దూరం నుంచే కళ్ళు కలిపి తల ఊపుతారు. ఒకావిడ తల ఊపింది. లేచాను, చొక్కా సర్దుకున్నాను, హాలు దాటాను, నవ్వాను, చేయి చాచాను. ఆవిడ నన్ను దాటుకెళ్ళి నా వెనకాయన చేయి అందుకుంది. పాట మొదలైంది, చుట్టూ జంటలు కదిలాయి, చాచిన చేయి అలాగే ఉంది, న్యూయార్క్ మొత్తం నన్నే చూస్తోంది!

కుర్చీలో పడ్డాక చూశాను. ఇద్దరాడవాళ్ళు ఒకరినొకరు నడిపించుకుంటూ హాయిగా ఆడుతున్నారు. మగవాళ్ళు చాలడం లేదని కూర్చోకుండా వాళ్ళు నడిపించడమూ నేర్చారు.

టాంగో ఊపిరి పోసుకున్న బ్యూనస్ ఎయిర్స్‌లో ఒకప్పుడు పరిస్థితి దీనికి తలకిందులు. 1914 నాటికి ఆ నగరంలో దాదాపు సగం మంది విదేశాల్లో పుట్టినవాళ్ళు, వలస వచ్చినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళతో ఆడే అవకాశం దొరకడమే గగనం. అందుకే కుర్రాళ్ళు మగవాళ్ళే చేరి సాధన చేసే చోటికి వెళ్ళి, ముందు ఆడవాళ్ళ అడుగులు నేర్చుకునేవారు. నడిపించడం ఆ తర్వాతే. కొరత వాళ్ళను రాటుదేల్చింది, నన్ను సోమరిని చేసింది. ఎవరెంతమంది ఉన్నా సరే, మొదటిరోజు నుంచే అందరికీ రెండూ నేర్పాలని ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది.

మళ్ళీ మాస్టారి దగ్గర చేరాను. ఒక పెద్దావిడ నన్ను నడిపించింది. తోయలేదు, లాగలేదు. ఆవిడ ఒంటి బరువు ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి మారితే, నా కాలు దానంతటదే వెనక్కి వెళ్ళింది. ఆ తర్వాత ఒక కొత్త కుర్రాడు నా వీపు నొక్కిపట్టి లాగాడు. నొప్పెట్టింది. అది అచ్చం నా పట్టే. ఇంకో మగవాడు దొరకడని, అన్నాళ్ళూ ఎవరూ నాతో నొప్పని అనలేదు.