ఎదురిల్లు మెచ్చే మల్చ్

ఉగాది వెళ్లి రెండు మూడు వారాలు గడిచేసరికి న్యూజెర్సీ, పెన్సిల్వేనియా కాలనీల్లో ఒక అంటువ్యాధి మొదలవుతుంది. శనివారం పొద్దున ఎవరో ఒకరి డ్రైవ్‌వేలో మల్చ్ గుట్ట, అంటే మడుల్లో పరిచే నల్లటి చెక్కపొట్టు, వెలుస్తుంది. మధ్యాహ్నానికల్లా వీధిలో మిగతా అందరికీ తమ ఇంటి ముందు మడులు వెలవెలబోతున్నట్టు తోస్తుంది. రాత్రికి వాట్సాప్ గ్రూపులో ప్రశ్న పడుతుంది: "మల్చ్ ఎక్కడ తెప్పించారు బ్రదర్? ఎన్ని యార్డులు?" జవాబులు చాలా వస్తాయి. కొలిచి చెప్పిన జవాబు ఒక్కటీ ఉండదు. అందుకే ఈ మార్గదర్శిని. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు ప్రింటు తీసి గరాజ్ గోడకు అంటించుకోవచ్చు.

ముందు రంగు తేల్చుకోండి. లోపల ఉన్నది ఏ చెక్క అన్నది మీకు అనవసరం. నలుపు, ఎరుపు, చాక్లెట్ రంగు, మూడే దారులు. ఎదురింటివాళ్లది నలుపైతే మీదీ నలుపే. హార్డ్‌వుడ్ మల్చ్ అంటే ఓక్, మేపుల్ లాంటి చెట్ల బెరడునూ చెక్కనూ చీల్చి చేసిన పొట్టు. రెండుసార్లు చీల్చినదైతే పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని వాలు నేల మీద కూడా నిలుస్తుంది. పైన్ బెరడు ముక్కలు గట్టి వాన పడితే తేలి వీధిలోకి పోతాయి. రంగు వెయ్యని మంచి బెరడు ఎండకు బూడిదరంగుకి తిరుగుతుంది, అదే దాని నేరం. రంగు వేసినవాటిలో నలుపుకి సాధారణంగా కార్బన్ బ్లాక్, ఎరుపుకి ఐరన్ ఆక్సైడ్ వాడతారు. వాటితో పెద్ద ప్రమాదం లేదంటారు. చూసుకోవలసింది రంగు కింద ఉన్న కలపను. అది తరచు పాత ప్యాలెట్లది, కూలగొట్టిన కట్టడాలది. 2003 చివరిదాకా ఇక్కడి ఇళ్ల డెక్కులకు ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన కలప వాడేవారు. అలాంటి కలప కలవలేదన్న హామీకి బస్తా మీద మల్చ్ అండ్ సాయిల్ కౌన్సిల్ ముద్ర ఉంటుంది. కూరగాయల మడి పక్కన వేసేవాళ్లయినా అది చూడాలి. కానీ ముద్ర ఎదురింటికి కనబడదు కదా.

అంచనా కిటికీలోంచే వెయ్యండి. టేపు పట్టుకుని బయటికెళ్తే నలుగురూ చూస్తారు. కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి "ఓ పదిహేను బస్తాలు సరిపోతాయిలే" అనాలి. ఆ పదిహేను ఎక్కడిదని అడగకండి. మన కారులో పట్టేవి పదిహేను.

ఎంపీసీ చదివి, ఎంసెట్ రాసి, రాత్రింబవళ్లు కోడ్ రాసే మనం 300 చదరపు అడుగుల మడి ముందు తడబడతాం. పొడవు వెడల్పులు అడుగుల్లో, మందం అంగుళాల్లో, బస్తా ఘనపుటడుగుల్లో, లారీ క్యూబిక్ యార్డుల్లో. మందం మూడంగుళాలు కావాలి. దారిలో అంగుళాలను అడుగుల్లోకి మార్చడం మరిచి 300ని 3తో గుణించామో, 900. దాన్ని 27తో భాగిస్తే 33 యార్డులు. ఫోన్లో అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి, ఏదైనా స్కూలుకా అని మర్యాదగా అడుగుతాడు.

నిజానికి ఈ లెక్క మనకు పుట్టుకతోనే వచ్చు. హైదరాబాద్‌లో ప్లాటు ఎంతంటే నిద్రలో లేపినా "200 గజాలు" అంటాం. గజమంటే ఇక్కడి యార్డే, చదరపు గజానికి 9 చదరపు అడుగులు. క్యూబిక్ యార్డు గజం పొడవు, గజం వెడల్పు, గజం ఎత్తు. ఆ ఎత్తును మూడంగుళాల పొరలుగా కోస్తే 12 పొరలు వస్తాయి. కాబట్టి ఒక క్యూబిక్ యార్డు పొట్టు మూడంగుళాల మందాన 12 గజాల నేలను కప్పుతుంది, రెండంగుళాల మందానైతే 18 గజాలను. 300 చదరపు అడుగులంటే 33 గజాల చిల్లర. పన్నెండుతో భాగించండి, మూడుకి కాస్త తక్కువ. మూడు యార్డులు చెప్పండి, చాలు. బస్తాలే కావాలంటే, రెండు ఘనపుటడుగుల బస్తా మూడంగుళాల మందాన 8 చదరపు అడుగులకే వస్తుంది, అంటే గజం కూడా నిండదు. మొత్తం 38 బస్తాలు. చవకగా దొరికే బస్తా ఒక్కోసారి ఒకటిన్నర ఘనపుటడుగులదే ఉంటుంది, అప్పుడు యాభై.

ఇది తెలియక కాదు. 38 అన్న జవాబు మనకు నచ్చదు, అంతే. అందుకని లెక్క మానేసి బేరానికి దిగుతాం. పదిహేనుకి ఒప్పుకుంటావా అని నేలను అడుగుతాం. నేల ఒప్పుకుంటుంది, అంగుళం పైచిలుకు మందానికి. ఆ పలచటి పొరలోంచి జూన్ కల్లా కలుపు హాయిగా తల ఎత్తుతుంది. ఈ బేరం ఒక్క మల్చ్‌తోనే ఆడం. ఊళ్లో కట్టే ఇంటి ఖర్చుతో, పిల్లల కాలేజీ ఫీజుతో, డాక్టరు నడవమన్న మైళ్లతో కూడా ఆడతాం. రానున్న మొత్తం ఎంతో లోపల తెలుసు. దాన్ని పైకి అనడమే ఇష్టముండదు.

వాసన చూడకండి. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తోందంటే, గాలి ఆడక గుట్ట నడుమ పులిసిన సరుకు వచ్చిందన్నమాట. లేత మొక్కల్ని మాడుస్తుంది. పలచగా పరిచి, నీళ్లు కొట్టి, కొన్నాళ్లు గాలికి వదిలేస్తే బాగుపడుతుంది గానీ, సోమవారం మీకు స్టాండప్ మీటింగు ఉంది.

గోంగూర విత్తనాలు చల్లిన చోట దట్టంగా పరవండి. కలుపును ఆపేది గోంగూరనూ ఆపుతుంది. పక్షపాతం లేని పదార్థం.

తెల్లటి గోడకు ఆనించి వెయ్యండి. చీల్చిన హార్డ్‌వుడ్‌లో పెరిగే ఆర్టిలరీ ఫంగస్ అనే బుల్లి బూజు తన బీజాల్ని వెలుతురు వైపు, పదిహేను అడుగుల దూరం కూడా, ఎగజిమ్ముతుంది. తెల్ల సైడింగ్, తెల్ల కారు దానికి బాగా నచ్చుతాయి. పడినచోట అవి తారు చుక్కల్లా అంటుకుపోతాయి, గోకినా మరక మిగులుతుంది. ఈ బూజు మీద పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పరిశోధనే జరిగింది.

చెట్టు మొదట్లో పుట్ట కట్టండి. నాగులచవితికి పాలు పోసుకోవడానికి వీలుగా ఉండాలి. ఇక్కడివాళ్లు దీన్ని మల్చ్ వాల్కనో అంటారు, తోటపని పుస్తకాలన్నీ వద్దని మొత్తుకుంటాయి, అయినా ప్రతి బ్యాంకు ముందూ, ప్రతి స్ట్రిప్ మాల్ ముందూ ఇదే కనిపిస్తుంది. అంతమంది చేస్తున్నారంటే ఏదో శాస్త్రం ఉండే ఉంటుందని మనమూ ఎగదోస్తాం. పొట్టు ఆనిన బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది. వేళ్లు కిందికి పోకుండా ఆ పుట్టలోకే పాకి మొదలు చుట్టూ తిరిగి, ఏళ్ల మీద దాన్నే బిగించేస్తాయి. చలికాలం ఎలుకజాతి జీవులు అందులో దాగి వెచ్చగా బెరడు కొరుక్కుంటాయి. మొదలు నేలలో దిగేచోట విచ్చుకున్న వేళ్లు బయటికి కనబడుతూ ఉండాలి, పొట్టు అక్కడికి కొన్ని అంగుళాల దూరంలోనే ఆగాలి. ఇందులో ఉన్న ఒకే సౌకర్యం, చెట్టు వెంటనే చావదు. అది ఎండేనాటికి మనం ఇల్లు అమ్మేసి ఉంటాం.

ఏటేటా వెయ్యండి, కింద ఎంతుందో చూడకండి. హార్డ్‌వుడ్ కుళ్లి కొంత మట్టిలో కలుస్తుంది, కొంత మిగులుతుంది. ఆ మిగిలినదాని మీద మళ్లీ మూడంగుళాలు, పై ఏడాది మరో మూడు. ఇలా పొర మందమయ్యే కొద్దీ చిన్న వానలు వేళ్లదాకా చేరవు. పోయింది రంగొక్కటే అని అందరికీ తెలుసు. రంగు కోసం లారీ తెప్పించామని చెప్పుకోలేక "మట్టికి మంచిది" అంటాం.

ఏప్రిల్‌లో ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు గుట్ట చూసి "డబ్బులిచ్చి ఊక కొన్నావేంట్రా?" అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: తేమ ఆగుతుంది, కలుపు రాదు, ఎండకి నేల కాగదు. అంతా నిజమే. ఇబ్బంది నవంబర్లో వచ్చిన నాన్నగారితో. ఓక్ ఆకులూ మేపుల్ ఆకులూ ఊడ్చి కాగితం సంచుల్లో కుక్కి వీధి అంచున పెడుతుంటే "మరి దీన్నెందుకు పారేస్తున్నావు?" అంటారు. ఆంధ్రాలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతు ఎండుటాకులూ వరిగడ్డీ పరిచి దాన్నే ఆచ్ఛాదన అంటాడు. చాలా ఊళ్లలో మునిసిపాలిటీ మన ఆకుల్నే కంపోస్టు చేసి వసంతంలో ఊరివాళ్లకు ఉచితంగా ఇస్తుంది. ఆ క్యూలో మనం ఉండం, లారీవాడికి డబ్బు కడుతూ ఉంటాం.

ఆకులు కప్పిన మడిని చూస్తే ఇంట్లో ఎవరూ లేరనుకుంటారు. నల్లటి పొట్టు, గీత గీసినట్టున్న అంచు చూస్తే ఈ ఇంటివాళ్లు పద్ధతైనవాళ్లు అనుకుంటారు. మనం బస్తాల లెక్కన కొనేది ఆ రెండో అభిప్రాయాన్ని. ఇంటిపేరు పలకడం రాని వీధిలో కాపురం పెట్టినవాళ్లకి దాని అవసరం ఉంది, నాకూ ఉంది. దాన్ని వెక్కిరించే ధైర్యం నాకు లేదు. దానికి మూడంగుళాలు చాలు, పన్నెండు అక్కర్లేదు అన్నంతవరకే నా మాట.

కాబట్టి ఈ శనివారం ఫోను తియ్యకముందు మడిలో వేలు గుచ్చి చూడండి. పాత పొట్టు మూడంగుళాలు ఉంటే ఈ ఏడు కొనకండి, రేక్ పట్టుకుని పైపొర తిరగేస్తే చాలు. కింద ఇంకా రంగుంటుంది.