ముదురు బెండ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

ఇసక నేల లోన నిడితిని విత్తులు
బెండ బీర వంగ పెరుగు ననుచు
నీళ్ళు పోసి పోసి నెలయిన పిమ్మట
మొదట కాచె నొక్క ముదురు బెండ

అవతారిక. పేరాలలో ఒక పెరటి గోడ మీద బొగ్గుతో రాసి ఉన్న ఆటవెలది ఇది. కవి పేరు చెప్పుకోలేదు. చెప్పుకొనేంత కాపు రాలేదు కాబోలు. తులసికోటలో చెంబుడు నీళ్ళు పోయడం తప్ప సేద్యం ఎరగనివాడని మాత్రం శైలి చెబుతోంది. కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని కట్టడి చేసుకొని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయనకు దొరికింది కాళిదాసు గనక ఆ కట్టడి చెల్లింది. మనకు దొరికింది బెండకాయ.

ప్రతిపదార్థం. ఇసక నేల లోనన్ = ఇసక నేలలో. పైకి సప్తమిలా కనిపిస్తుంది గాని పద్యమంతటికీ అసలు కర్త ఇదే. వాడరేవు తీరానికి దగ్గర్లో ఉన్న ఊరికి ఇసక గాక మరేముంటుంది? ఈ నేలలో పోసిన నీరు వేళ్ళ దగ్గర ఆగదు, చక్కా కిందికి దిగిపోతుంది. వేసిన ఎరువునూ వెంటబెట్టుకు పోతుంది. అందుకని తెలిసినవాళ్ళు ముందు చెరువు మట్టి, పశువుల ఎరువు తోలించి ఇసకలో కలిపి, ఆ తర్వాత గింజ సంగతి చూస్తారు. కవి ‘ఇడితిని’ అన్నాడే గాని ‘కలిపితిని’ అనలేదు. గణాలు కుదరక అనలేదని ఒక వర్గం. ట్రాక్టరు సందులోకి రాక అనలేదని కవిగారి ఇంటావిడ.

బెండ బీర వంగ = ఆ పేర్లుగల మూడు కూరలు. మూడింటినీ ఒకే పాదంలో కూర్చోబెట్టడం యతికి బాగుంది, మడికి బాగాలేదు. బెండ గింజ రాత్రి నానేసి పొద్దున నేరుగా పెట్టొచ్చు. బీరకు పాదు కావాలి. వంగకు ముందు నారు పోసి, నెల దాటాక పీకి నాటాలి. కవి సమదృష్టి గలవాడు. వంగ గింజలు కూడా తెచ్చి బెండ వరసలోనే చల్లాడు. చీమలు ఆ పదాన్ని రెండో పాదంలోంచి ఎత్తుకుపోయాయి. నాలుగో పాదంలో వంగ ప్రస్తావన లేకపోవడానికి కారణం ఇదే.

పెరుగున్ అనుచున్ = పెరుగుతాయని అనుకొంటూ. సుగమం.

శంక: మరి బీర ఏమైంది? సమాధానం: బీర మొలిచింది, పాకింది, పూసింది కూడా. సరుగుడు గుంజలు పాతి, పక్కింటి మగ్గం దగ్గర తెగిన నూలు అడిగి తెచ్చి తీగ కట్టారు. (పేరాలవాళ్ళకు పందిరి, పాక కొత్త కాదు. మునిసిపాలిటీ పన్ను కట్టం పొమ్మని, 1921 ఎండల్లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక వేలమంది ఊరు ఖాళీ చేసి, పొలిమేర అవతల రామనగర్‌లో సుమారు 11 నెలలు పాకల్లో ఉన్నారు. ఇక 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది; గుంజ లోతు తగ్గిద్దామని ఈ ఊళ్ళో ఎవరితోనూ అనకండి.) అయితే బీర తీగ ముందు మగపూలు పూస్తుంది. గుత్తులు గుత్తులుగా పూసి రాలిపోతాయి. ఆడపువ్వు తర్వాత ఒంటరిగా వస్తుంది, వెనక చిటికెన వేలంత పిందెతో. పైగా బీరపువ్వు విచ్చేది సాయంత్రం; దానికి చుట్టాలు రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు. కవి తోట చూసేది పొద్దున్నే, కాఫీ గ్లాసుతో. రాలిన మగపూలు చూసి, తెగులు తగిలిందని ఏకంగా తీగ పీకేశాడు. ఈ అధ్యాయాన్ని పద్యంలో పెట్టకపోవడం ఔచిత్యం.

నీళ్ళు పోసి పోసి = ఆమ్రేడితం. మొదటి ‘పోసి’ మొక్కకు, రెండోది ఇసకకు. ఇక్కడ కాస్త నిలబడాలి. ఈ తీరంలో ఇసక కింద తీపినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పాతకాలపు రైతులు లోతు లేని గుంటలు తవ్వి (వాటిని దొరువులంటారు), వాటిలో కుండ ముంచి మొక్క మొక్కకూ పోసేవారు. లోతుగా తవ్వినా, ఆత్రంగా తోడినా ఉప్పు పైకొస్తుందని వాళ్ళకు తెలుసు. 1945లో వ్యవసాయ కళాశాల వచ్చిన బాపట్లలో శాస్త్రజ్ఞులు ఆ దొరువునే బాగుచేశారు: ఇసకలో తక్కువ లోతున చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, ఊరిన తీపినీటిని బావిలోకి చేర్చి, అక్కడినుంచి తోడుకొనేట్టు. మన కవి మోటారు వేసి, గొట్టం బెండ మొదట్లో వదిలి, పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు. ఆకుల అంచులు మాడాయి. ఎండకని ఆయన, ఉప్పుకని మేము.

నెలయిన పిమ్మట = నెల దాటిన తర్వాత. బెండ పూతకే సుమారు 40 రోజులు పడుతుంది. ‘పిమ్మట’ గడుసు మాట, ఎన్ని రోజులైనా పడతాయి.

శంక: మొదట కాచిన కాయ ముదురెట్లా అయింది? మొదటిదంటే లేతది గదా! ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పువ్వు రాలిన వారం లోపలే బెండ కొయ్యాలి. బజార్లో ఆడవాళ్ళు కొస విరిచి చూస్తారు. పుటుక్కుమంటే లేత, వంగి వేలాడితే ముదురు, అమ్మే మనిషి మొహం మాత్రం రెండింటికీ ముదురే. కవికి ఇదంతా తెలుసు. పిందె పడ్డ రోజే చూశాడు. ఆదివారం బావమరిది వస్తాడు, చూశాక కోద్దామన్నాడు. బావమరిది రాలేదు. మనవరాలు వీడియో కాల్లో చూడాలన్నాడు. ఆ పిల్లకు పరీక్షలు. ఈలోగా కాయ జానెడు పెరిగి నార పట్టింది. ముదురు కాయ చెట్టున ఉంటే కొత్త పూత వెనకబడుతుంది గనక దాని తర్వాత కాయా లేదు. దోషం ఇసకది అనడం లోకవాదం. చేతిది అని సిద్ధాంతం.

విత్తనానికే ఉంచానని కవి తరవాత స్వోపజ్ఞ వ్యాఖ్యలో చెప్పుకొన్నాడు. విత్తనానికైతే చెట్టునే ఎండి పగుళ్ళివ్వాలి. ఈయన పచ్చిది కోసి ఫొటో తీశాడు. కాబట్టి అగ్రాహ్యం.

తాత్పర్యం. పద్యం చదివితే తెలుస్తుంది.

పాఠాంతరం. వంటింటి ప్రతిలో నాలుగో పాదం ‘సంచి పట్టి తెచ్చె సంత బెండ’ అని ఉంది. ఐదూ సూర్యగణాలే, యతి కూడా చెల్లింది. ఛందస్సు తీర్పు చెప్పలేదు. ఆ పూట పులుసులో ముక్కలన్నీ లేతవే గనక మేము వంటింటి పాఠాన్నే గ్రహించాం.