అడంగల్‌కెక్కని ఫోటోలు

నేను గుంటూరులోని ఒక ఫోటో స్టూడియోలో పనిచేసే 32 జీబీ పెన్ డ్రైవ్‌ని. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే నాకు తీరిక ఉండదు. ఆల్బమ్ డిజైన్ పూర్తయిన ఫైళ్ళు మోసుకుని కలర్ ల్యాబ్‌కి వెళ్ళేది నేనే.

నాలోని ఫ్లాష్ మెమరీ 1980ల్లో జపాన్‌లో, తోషిబా ఇంజనీరు ఫుజియో మసుయోకా చేతిలో పుట్టింది. నా లోపలి అరల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకుని ఉంటాయి. కరెంటు లేకపోయినా కదలవు, అందుకే జేబులో పడి ఉన్నా ఎవరి ఫోటోనూ మరిచిపోను. నా మూతి, అంటే యూఎస్‌బీ, 1996లో వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో వడోదరలో చదువుకున్న అజయ్ భట్ ముఖ్యుడు. కంప్యూటరు ఆపకుండానే పెట్టేలా, తీసేలా దాన్ని మలిచారు. మూతిలో నాలుగు రేకులుంటాయి. కరెంటు తెచ్చే అంచు రేకులు రెండూ కాస్త పొడవు, డేటా నడిచే మధ్య రేకులు పొట్టి. లాగినప్పుడు ముందు డేటా తెగుతుంది, తర్వాతే కరెంటు. కాబట్టి సాధారణంగా నా ఒంటికేమీ కాదు. దెబ్బ తగిలేది నేను మోస్తున్నవాటికి.

ఒక పెళ్ళి ఫోటోలకు అలాగే తగిలింది. కెమెరా కార్డులోని అప్పగింతల ఫోటోలను కాపీ చెయ్యకుండా, కట్ చేసి నాలో పేస్ట్ చేశారు. ల్యాబ్ కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, అయిపోయిందా? బండి స్టార్టింగ్‌లోనే ఉంది."

"నూరు శాతం చూపించింది రా తమ్ముడూ, లాక్కెళ్ళు!"

లాగేశాడు. నాకింకా అంతా అందలేదు. ఆ సిస్టమ్‌లో నాకు 'బెటర్ పెర్ఫార్మెన్స్' పద్ధతి పెట్టి ఉంది. అంటే కంప్యూటరు ఫైళ్ళను ముందు తన ర్యామ్‌లో పెట్టుకుని, పని అయిందని తెర మీద చెప్పేసి, తర్వాత నిదానంగా నాకు పంపుతుంది. రాయడంలో నేను దానికంటే చాలా నెమ్మది మరి.

ఒకప్పుడు ఊరి పొలాల లెక్కకు కరణం గారి దగ్గర అడంగల్ ఉండేది కదా, అలాగే నాలోనూ ఒక లెక్క ఉంటుంది, ఫైల్ అలొకేషన్ టేబుల్ అని. ఫోటో ఏ అరలోంచి ఏ అరలోకి సాగిందో అందులో ఉంటుంది. పేరు, సైజు, మొదలయ్యే చోటు డైరెక్టరీలో ఉంటాయి. ఈ రెండూ రాయడం పూర్తయితేనే ఫోటో ఉన్నట్టు. ఆ రోజు కొన్నిటికి లెక్క రాసి ఉంది, పేరు లేదు. కొన్నిటికి రెండూ లేవు. చెక్‌డిస్క్ నడిపితే ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పేరు లేని ముక్కలు తేలాయి. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మరికొన్ని దొరికాయి. కూతుర్ని అత్తవారి చేతుల్లో పెడుతున్న తండ్రి ముఖం మాత్రం దొరకలేదు. ఆ ఫోటో నాలోకి రానేలేదు, కట్ చేయడంతో కార్డులోనూ మిగల్లేదు. ఆ క్షణాన్ని మళ్ళీ తీయడం ఎవరివల్లా కాదు కదా! నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది.

విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి నాలాంటివాటికి 'క్విక్ రిమూవల్' డిఫాల్ట్ అయింది. ర్యామ్‌లో దాచే అలవాటు తగ్గింది, మంచిదే. కానీ రాస్తుండగా లాగితే ఆ పద్ధతీ కాపాడలేదు. లినక్స్‌లో ర్యామ్‌లో చాలానే నిలవ ఉండొచ్చు, అన్‌మౌంట్ చెయ్యాల్సిందే. మ్యాక్‌లోనూ ఎజెక్ట్ నొక్కాలి. విండోస్‌లో గడియారం పక్కనున్న గుర్తు మీద నొక్కి ఎజెక్ట్ అనాలి. 'డివైస్ వాడుకలో ఉంది' అంటే విసుక్కోవద్దు. ఫోటోషాప్‌లో నా ఫైలేదో తెరిచి ఉండొచ్చు, యాంటీవైరస్ నన్ను తడుముతూ ఉండొచ్చు. అన్నీ మూసినా వదలకపోతే సిస్టమ్ షట్‌డౌన్ చేసి తీయండి.

సొరుగులో నా పక్కనుండే హార్డ్ డిస్క్‌కి ఇంకా ఓపిక కావాలి. లోపల పళ్ళాలు తిరుగుతుంటాయి. ఎజెక్ట్ అన్నాక కూడా ఆ గిర్రుమనే చప్పుడు ఆగేదాకా దాన్ని కదపకూడదు.

ఇప్పుడు స్టూడియోలో కట్ మానేశారు, కాపీయే. ఇంకో మంచి అలవాటూ చేసుకున్నారు. కాపీ అవగానే ఫోటో తెరిచి చూస్తే సరిపోదు, అది ర్యామ్‌లోంచే కనబడవచ్చు. అందుకే ఎజెక్ట్ చేసి, నన్ను తీసి, మళ్ళీ పెట్టి తెరుస్తున్నారు. అప్పుడు కనబడేది నాలోంచి వచ్చిందే. కెమెరా కార్డు ఫార్మాట్ చేసేది ఆ తర్వాతే.