గ్యాస్ ఫోర్క్‌లిఫ్ట్ ఇంజిన్ మొరాయిస్తే ఈ సలహాలు వినకండి

ఇంజిన్ పని చేయించాక ఎల్పీజీ ఫోర్క్‌లిఫ్ట్ మిస్సింగ్ కొడుతుంటే షెడ్డులో మొదట వినపడే సలహా ఒకటుంది: "ఇంజిన్ కొత్తగా బిగించిందే, దాని తప్పుండదు. గ్యాస్ స్క్రూ తిప్పు." ఇంత నష్టం చేసే మాట మరొకటి లేదు. చాలా బళ్ళలో ఇంజిన్ విప్పే రోజు వరకూ అదే వేపరైజర్, అదే మిక్సర్ సరిగ్గానే పనిచేసి ఉంటాయి. మధ్యలో చెయ్యి పడింది ఇంజిన్ మీద. వెతకడం కూడా అక్కడే మొదలవ్వాలి.

ఇంజిన్ పీల్చే గాలిని బట్టే మిక్సర్ గ్యాస్ కలుపుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోకపోతే గాలి మిక్సర్‌ను దాటి దొంగదారిన లోపలికి వస్తుంది. దానికి గ్యాస్ అందదు. ఐడిల్ ఊగుతుంది, మానిఫోల్డ్‌లో బ్యాక్‌ఫైర్ అవుతుంది. అప్పుడు స్క్రూ తిప్పి గ్యాస్ పెంచితే ఐడిల్ కుదురుకున్నట్టే ఉంటుంది గానీ లీకు అలాగే ఉంటుంది. దానికి తోడు మిగతా వేగాల్లో గ్యాస్ ఎక్కువై పోవచ్చు. డీజిల్‌లాగా నల్లపొగ వచ్చి హెచ్చరించదు కాబట్టి ఎవరికీ తెలియదు.

అందుకే స్క్రూ ముట్టకముందు వాక్యూమ్ గేజీ పెట్టండి. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల మధ్య నిలకడగా ఉండాలి. నిలకడగానే ఉండి తక్కువ చూపిస్తే లీకో, టైమింగో. లయగా కొట్టుకుంటూ ఉంటే ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదని అనుమానించండి. టాపెట్లు బిగుతుగా పెడితే చప్పుడు తగ్గుతుందనే సలహాతో కాలిపోయిన వాల్వులు ఎన్నో! ఆ తర్వాత కంప్రెషన్ చూడండి. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో.

"డిస్ట్రిబ్యూటర్ తిప్పుతూ చెవితో పట్టేయ్" అనేది ఇంకో సలహా. టైమింగ్ చైన్ ఒక పన్ను తప్పి కూర్చుంటే డిస్ట్రిబ్యూటర్ ఎంత తిప్పినా నిప్పు వేళ మారుతుందే తప్ప వాల్వుల వేళ మారదు. మార్కులు చూడండి, టైమింగ్ లైట్ పెట్టండి. టయోటా 4వై, నిస్సాన్ కె21 లాంటి వాటిలో ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ప్లగ్ వైర్లు ఆ వరసలోనే ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. గ్యాస్ బండికి ప్లగ్ గ్యాప్ పెంచాలన్నదీ తప్పే. గ్యాస్‌కి స్పార్క్ పుట్టాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాప్ పెంచితే బరువు ఎత్తేటప్పుడే మిస్సవుతుంది.

వేపరైజర్ మీద మంచు పడితే వేడినీళ్ళు పోయమంటారు. ద్రవం గ్యాస్‌గా మారడానికి వేడి కావాలి, అది ఇంజిన్ నీళ్ళ నుంచే రావాలి. రీబిల్డ్ తర్వాత నీళ్ళ దారిలో గాలి చిక్కుకుని ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక వేపరైజర్‌కి వెళ్ళే రెండు గొట్టాలూ వేడిగా లేకపోతే ఆ గాలి తీసేయండి.

గ్యాస్ లీకుకి అగ్గిపుల్ల వద్దు, సబ్బునీళ్ళు చాలు.

ఇవన్నీ సరిచేశాకే మిక్చర్ సెట్ చేయండి, అదీ ఎగ్జాస్ట్ గ్యాస్ మీటర్ చూస్తూ. తలుపులు మూసిన గోదాంలో ఆ బండి వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. దాన్ని పీల్చేది డ్రైవరూ, పక్కన సరుకు మోసే కూలీలూ. కొలవకుండా బండిని లోపలికి పంపకండి.