ఫోటోలు చూసి రండి: ఒక ఇంటి ప్రకటనకు టీకా తాత్పర్యం

మూలం: “ధర్మపురి టౌనులో, బస్టాండు దగ్గర, తూర్పు ముఖం, 1,200 చదరపు అడుగుల ఇల్లు అమ్మబడును. ఫోటోలు చూసి రండి.”

టీక: ధర్మపురి అనగా గోదావరి ఒడ్డున నృసింహస్వామి వెలసిన క్షేత్రమని భ్రమపడరాదు. శేషప్ప కవి నరసింహ శతకం చెప్పిన ఊరు అది. ఇది తమిళనాట సేలానికీ కృష్ణగిరికీ నడుమ, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ధర్మపురి. పూర్వనామం తగడూరు. అవ్వైయారుకు ఆయుష్షు పెంచే ఉసిరికాయ ఇచ్చాడని చెప్పే అదియమాన్ ఏలిన చోటు. ఈ భేదం చెప్పకపోతే ఫోనులో వెతికే జగిత్యాలవాడు తమిళనాడు ఇంటికి బేరమాడే ప్రమాదముంది. ‘బస్టాండు దగ్గర’ అన్నచోట జహల్లక్షణ, అంటే పదం తన అసలు అర్థాన్ని పూర్తిగా వదిలేయడం. గంగలో పల్లె అంటే గంగను వదిలి ఒడ్డును పట్టుకున్నట్టు, ఇక్కడ బస్టాండును వదిలి ఊరి చివరను పట్టుకోవాలి. ‘అమ్మబడును’ కర్మణి ప్రయోగం. ఇందులో కర్త దాగును. దాగిన కర్తను లోకం బ్రోకరు అంటుంది. ఇంతవరకు సులభమే. వ్యాఖ్యాతకు అసలు పని ‘ఫోటోలు’ అన్న మాట దగ్గర మొదలవుతుంది.

ఫోటోలు అనగా ఏవి? లోకాచారాన్ని బట్టి, బ్రోకరో ఇంటివారి అబ్బాయో మిట్టమధ్యాహ్నం ఫోను ఎత్తి తీసిన ఏడెనిమిది బొమ్మలు. మొదటిది గేటు ముందు నిలిపిన స్కూటరుది, దాని వెనక ఇల్లున్నట్టు ఊహించుకోవాలి. రెండవదానిలో హాలు ఉంది, తలుపు మీద ఆరేసిన తువ్వాలూ ఉంది. మూడవదానిలో కిటికీ ఉండవలసిన చోట తెల్లటి వెలుగు తప్ప మరేమీ లేదు. వీటిని ఎంతో కొంత మెరుగుపెట్టినవారూ ఉన్నారు, ఆ మెరుగులకు అలంకారశాస్త్రంలో పేర్లూ ఉన్నాయి. ఫోనులో 0.5 అన్న మీట నొక్కితే పదడుగుల గది కల్యాణ మండపమవుతుంది, అది అతిశయోక్తి. ఖాళీ గదిలో కంప్యూటరు సోఫా వేసి పూలకుండీ పెడితే ఉన్నట్టే తోస్తుంది, అది ఉత్ప్రేక్ష. ఇంటి మీదుగా పోయే కరెంటు తీగను చెరిపి నీలాకాశం పరిస్తే అపహ్నుతి: ఇది తీగ కాదు, ఆకాశమే! లేఅవుటు పేరు పక్కన హొగెనకల్ జలపాతం బొమ్మ వేస్తే మాత్రం అది ఏ అలంకారమో చెప్పడం కష్టం. ధర్మపురి నుంచి ఆ జలపాతం 46 కిలోమీటర్లు.

నా వాదమల్లా ఒకటే. వృత్తి ఫోటోగ్రాఫరును పిలవాల్సింది స్వభావోక్తి కోసం, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పించడానికి. పల్లవుల కంచికి చెందిన దండి కావ్యాదర్శంలో అలంకారాలన్నిటిలో దీనికే మొదటి పీట వేశాడు. వక్రోక్తిజీవితం రాసిన కుంతకుడు ఒప్పుకోలేదు. స్వభావమే అలంకారమైతే ఇక అలంకరించడానికి మిగిలేదేమిటన్నాడు. కుంతకుడి పేరు విననివాడు కూడా ఇల్లు అమ్మేటప్పుడు అదే ప్రశ్న వేస్తాడు: ఉన్నది ఉన్నట్టు తీయడానికి డబ్బెందుకు, నా ఫోను చాలదా? చాలదు, ఎందుకంటే ఫోను ఉన్నది ఉన్నట్టు తీయదు. మన కన్ను గదిలోని నీడకు ఒకలా, కిటికీ బయటి ఎండకు ఒకలా సర్దుకుంటూ తిరుగుతుంది. ఆ రెండు చూపులనూ కలిపి మనసు ఒక గదిని కట్టుకుంటుంది. కెమెరాకు ఉన్నది ఒక్క క్షణం. ఆ క్షణంలో కిటికీ దక్కితే గది చీకటి, గది దక్కితే కిటికీ సున్నం. తెలిసినవాడు స్టాండు మీద కెమెరా నిలిపి, కదపకుండా, వెలుగు మార్చి మూడో ఐదో బొమ్మలు తీసి కలుపుతాడు, లేదా ఎండ వాలేదాకా ఆగుతాడు. కొత్త ఫోన్లు ఈ కలిపే పని వాటంతట అవే చేస్తున్నాయి, నిజమే. ఆగడం మాత్రం వాటికి రాదు. ఫోనును పైకి వంచితే గోడలు పైన ఒకదానివైపు ఒకటి వాలతాయి. కెమెరాను సమంగా, ఛాతీ ఎత్తున నిలిపితే గోడ గోడలా నిలబడుతుంది. ఇక ఆ 0.5 మీట చాలా ఫోన్లలో 13 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం. ఇళ్లు తీసేవారు సాధారణంగా 16కీ 24కీ మధ్య ఉంటారు, చోటుంటే 24 వైపే జరుగుతారు. అబద్ధం ఉచితంగా వస్తోంది కనుకనే నిజానికి కూలి ఇవ్వాల్సి వస్తోందని కుంతకుడికి జవాబు.

ఇక్కడ శంక. ధర్మపురిలో ఇల్లు చేతులు మారేది టీకొట్టు దగ్గరి మాటల మీద. కొనేవాడు పదిసార్లు వచ్చి గోడ తట్టి, బావిలో నీళ్లు చూసి, జాతకం చూపించుకుని గాని అడ్వాన్సు ఇవ్వడు. ఫోటో చూసి ఎవరు కొంటారు? ఎవరూ కొనరు. కానీ చెడ్డ ఫోటో వల్ల రావలసినవాడు రాడు, రాకూడనివాడు వస్తాడు. ఆ రావలసినవాడు ఉండేది ఊరికి దూరంగా. 1965లో సేలం నుంచి విడిపోయి ధర్మపురి జిల్లా అయినప్పుడు హోసూరు ఇందులోదే. 2004లో అది కృష్ణగిరి జిల్లాతో పాటు వెళ్లిపోయింది. ఫ్యాక్టరీ జీతాలు హోసూరులో, సాఫ్ట్‌వేర్ జీతాలు బెంగళూరులో, పుట్టిన ఊరు ఇక్కడ అయినవాడికి ఉన్నది ఒక్క ఆదివారం. అతను మొదటిసారి ఇల్లు చూసేది ఫోనులోనే. పైగా తమిళనాట కొనేవాడు స్టాంపుకు 7, రిజిస్ట్రేషనుకు 2, వెరసి నూటికి 9 కట్టాలి. 40 లక్షల దస్తావేజుకు 3,60,000. అంత కట్టబోయేవాడు చీకటి బొమ్మ కోసం ఆదివారాన్ని ఖర్చు చేయడు. ఫోటోగ్రాఫర్ల తరఫువారు, రోజుల లెక్కన ఇళ్లు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ కథ చెబుతారు: 2009లో ఆ కంపెనీ పెట్టినవాళ్లు న్యూయార్కులో కెమెరా అద్దెకు తీసుకుని ఇల్లిల్లూ తిరిగి ఫోటోలు తీశారు, ఆదాయం పెరిగింది. ఆ కథను మరీ సాగదీయకూడదు. రెండు రాత్రులు పడుకునేవాడూ ఇరవై ఏళ్ల అప్పు తలకెత్తుకునేవాడూ ఒకటి కారు. మంచి ఫోటోలున్న ఇళ్లు ఎక్కువ ధర పలుకుతాయన్న లెక్కలూ అనుమానించదగ్గవే. ఖరీదైన ఇల్లున్నవాడే ఖరీదైన ఫోటోగ్రాఫరును పిలుస్తాడు, అందులో ఏది కారణమో ఏది కార్యమో తేలదు. కనుక ఫలం ధరలో ఉందని నేననను, మిగిలిన ఆదివారాల్లో ఉంది.

రెండో శంక ఇంకా బలమైనది. నేర్పున్న చేతిలో కెమెరా మోసానికి పనిముట్టు కాదా? అవుతుంది. చట్టానికీ ఆ సంగతి తెలుసు. 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షను, ప్రకటననో నమూనా ఫ్లాటునో నమ్మి డబ్బిచ్చి నష్టపోయినవాడికి బిల్డరు పరిహారమివ్వాలంటుంది. సొంత పాత ఇల్లు అమ్ముకునేవాడి మీదికి అది రాదు. అతనికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ఉంది: కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం తనకు తెలిస్తే తానే చెప్పాలి. ఖాళీ స్థలమైతే తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ 2023 అక్టోబరు నుంచి దస్తావేజులోనే దాని ఫోటోను, అక్షాంశ రేఖాంశాలతో సహా, పెట్టమంటోంది. కట్టిన ఇంటిని ఖాళీ స్థలమని రాసి ఫీజు ఎగ్గొట్టేవారికి అది విరుగుడు. సర్కారు దండి పక్షం వహించిందన్నమాట. అలాంటి ఫోటో హద్దురాళ్లతో, ముందున్న రోడ్డు వెడల్పుతో ప్రకటనలోనే ఉంటే, పట్టా, విల్లంగం అనే మన ఈసీ చూడకముందే సగం సంగతి తెలుస్తుంది. ఫోటోగ్రాఫరుతో ఒప్పందానికి మల్లినాథసూరి అక్కరకొస్తాడు. మెదక్ కొల్చారం వాడని మనం చెప్పుకునే ఆ వ్యాఖ్యాత, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ పూనిక పట్టాడు. తీగ ఉన్నచోట ఆకాశం పరచకపోవడం మొదటి షరతు కిందికి, తువ్వాలు తీసేయడం రెండో షరతు కిందికి వస్తాయి.

ఎవరిని పిలవాలి? ఇలాంటి ఊళ్లలో దొరికేది పెళ్లి ఫోటోగ్రాఫర్లు. వారి సాధనంతా శృంగార రసంలో సాగింది. పెళ్లికూతురి చెంపకు పూసిన మెరుపును గోడకూ పూస్తారు. అయినా చెప్పి తీయించుకుంటే వారే చాలు. ఆడి మాసంలో, అంటే జూలై సగం నుంచి ఆగస్టు సగం దాకా, తమిళనాట పెళ్లిళ్లు ఉండవు, కెమెరాలు ఖాళీ. ఇల్లు కొనేవారు కూడా ఆవణి రానిమ్మంటారు. ఆ నెలలో తీయించి పెట్టుకుంటే కూలీ తగ్గుతుంది, ప్రకటన కూడా సమయానికి అందుతుంది. మూలంలో ‘తూర్పు ముఖం’ అని ఉంది కనుక పొద్దున్నే పిలవాలి, ఆడి గాలికి దుమ్ము లేవకముందు.

మిగిలింది ‘చూసి రండి’. ‘చూసి’ క్త్వార్థం, ముందు చూడడం, తర్వాత రావడం. ‘చూసి నడువు’ అన్నప్పటి అర్థం, జాగ్రత్త అన్నది, కూడా ఇందులో ధ్వనిస్తోంది. స్కూటరు ఫోటో ఉన్న ప్రకటనలో ఆ ధ్వనే ప్రధానం. ‘రండి’ బహువచనం గౌరవానికా, సంఖ్యకా అన్నది ఫోటోలను బట్టి తేలాలి. స్కూటరు ఫోటోకు, ఇంట్లో ఏముందో తెలియక, నలభైమంది వచ్చి వాకిట్లోంచే తిరిగిపోతారు. స్వభావోక్తికి నలుగురే వస్తారు, వంటగది ఇరుకనీ పైన తీగ పోతుందనీ తెలిసే వస్తారు. ఇంటావిడ నలభైమందికి ఫిల్టరు కాఫీ పెట్టలేదు, నలుగురికి పెట్టగలదు.