అమావాస్య అల్లుడు

అల్లుళ్ళు పండగలకి వస్తారు. మా తోడల్లుడు అమావాస్యలకి వస్తాడు. మా అత్తవారిది మార్కాపురం అవతల, నల్లమల అంచున ఒక పల్లె. రాత్రి తొమ్మిదయితే ఊరంతా కటిక చీకటి. ఆ చీకటి చూసే సంబంధం ఖాయం చేసుకున్నాడని నా అనుమానం. "అమావాస్యనాడు ప్రయాణమేమిటి బాబూ" అని మా అత్తగారు మొదట్లో గొణిగేవారు. ఇప్పుడు క్యాలెండర్లో నల్ల సున్న ఎక్కడుందో చూసుకుని, ముందురోజే ఓ చెంబెడు పాలు ఎక్కువ తోడేస్తున్నారు.

సంక్రాంతి అంటే అతనికి నమ్మకం లేదు. సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ కదా, ఆ రాత్రి చంద్రుడు ఎంత లావుంటాడో చెప్పలేం. ఉగాది ఇష్టం. ముందురోజు అమావాస్య ఎక్కడికీ పోదు. తెల్లవారుజామున మూడింటికి మిద్దెక్కి వృశ్చికం, ధనుస్సుల వైపు కెమెరా గురిపెడతాడు. పాలపుంత నడిబొడ్డు అక్కడే ఉంది. అది పొద్దుగూకగానే దర్శనమిచ్చే జూలై, ఆగస్టుల్లో మనకి వానలు, మబ్బులు. అందుకని మేం తలంట్లు పోసుకుని వేపపువ్వు పచ్చడి నాకే వేళకి అతను గురక పెడుతుంటాడు. దీపావళి మాట ఎత్తామా, కంట నీరొక్కటే తక్కువ. ఆండ్రోమెడా గెలాక్సీ రాత్రి పదింటికి నడినెత్తికి దగ్గరగా వచ్చే రోజులు, పైగా అమావాస్య. అలాంటి రాత్రిని జనం చిచ్చుబుడ్లు కాల్చి పొగపాలు చేస్తున్నారట.

పెళ్ళిలోనే కనిపెట్టాల్సింది. వైశాఖ మాసం, పగలు పదకొండు గంటలు. పురోహితుడు అరుంధతిని చూపిస్తూ ఉత్తరంగా చెయ్యెత్తాడు. మా పెళ్ళికొడుకు ఆ వేలు వంక జాలిగా చూసి, "సప్తర్షి మండలం ఇప్పుడు భూమి కిందుంది పంతులుగారూ" అన్నాడు. పంతులుగారు నలభై పెళ్ళిళ్ళు చేసిన చేయి దించకుండా, "కనపడిందనండి చాలు" అన్నారు. అనలేదు మహానుభావుడు. మా మరదలే అతని బదులు అంది.

అతని దగ్గర టెలిస్కోప్ లేదు. చుట్టాలకి మింగుడుపడనిది ఇదే. రాత్రంతా ఆకాశం కిందే పడుంటాడు, టెలిస్కోప్ మాత్రం లేదంటాడు, ఉన్నవల్లా మామూలు కెమెరా లెన్సులు. "అంత దూరానివి వీటికి అందుతాయా?" అని ఎవరైనా అడిగితే అయిపోయారు. ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా, ఆకాశంలో ఆరు పున్నమి చంద్రుళ్ళని పక్కపక్కన పేర్చినంత వెడల్పుంటుందట. పెద్ద టెలిస్కోప్ పెడితే దాని బొడ్డు మాత్రమే కనిపిస్తుందట. ఆపైన బర్నార్డ్ కథ. 1889లో లిక్ అబ్జర్వేటరీలో ఎడ్వర్డ్ బర్నార్డ్ పాలపుంతని ఫొటోలు తీసింది అక్కడి పెద్ద దూరదర్శినితో కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర కొన్న సెకండ్‌హ్యాండ్ పోర్ట్రెయిట్ లెన్సుతో. అంటే మనుషుల మొహాలు తియ్యడానికి చేసిన గాజు. ఈ కథ చెప్పేటప్పుడు మా తోడల్లుడి గొంతు వణుకుతుంది. నాకు తెలిసినంతలో ఇద్దరికీ ఒకటే తేడా. బర్నార్డ్ తన లెన్సుని కూతురి పుట్టినరోజు ఫొటోలకని చెప్పి కొనలేదు.

మొదటి లెన్సు అలాగే ఇంట్లోకి వచ్చింది. 50 ఎం.ఎం., ఎఫ్ 1.8. అందరూ కొనేదే, చవక. పుట్టినరోజుకి ముందురాత్రి "ఒకసారి పరీక్షిస్తా" అని మిద్దె మీదికి తీసుకెళ్ళాడు. దిగొచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది. ఫొటో మధ్యలో నక్షత్రాలు చుక్కల్లాగే ఉన్నాయి, మూలల్లో ఉన్నవాటికి రెక్కలు మొలిచాయి! దీన్ని కోమా అంటారని అతను చెప్పిన తీరుకి మా అత్తగారు గుండె పట్టుకుని, "ఎవరికి నాయనా?" అన్నారు. రంధ్రాన్ని ఎఫ్ 4కి మూస్తే రెక్కలు తగ్గుతాయి. కానీ వెలుగు ఐదోవంతుకి పడిపోతుంది. "అయితే మొదటే 4ది కొనుంటే డబ్బు మిగిలేదిగా?" అని మా మరదలు అడిగింది. దానికి జవాబుగా 135 ఎం.ఎం. సామ్యాంగ్ వచ్చింది. ఎఫ్ 2. మూలల్లో కూడా చుక్క చుక్కే. దానికి ఆటోఫోకస్ లేదు, పరిగెత్తే పిల్లని అది పట్టుకోలేదు. "పిల్ల కదులుతుంది అన్నగారూ, నక్షత్రం కదలదు" అన్నాడు నాతో.

నక్షత్రమూ కదిలింది. 500ని లెన్సు ఎం.ఎం.తో భాగిస్తే ఎన్ని సెకన్లొస్తాయో అంతసేపే షట్టర్ తెరవాలి, దాటితే చుక్క గీత అవుతుందని ఈ వర్గంలో ఒక మొరటు లెక్కుంది. 50కి పది సెకన్లు దొరికేవి. 135కి నాలుగు కూడా రావు. కాబట్టి భూమి తిరిగే వేగానికి కెమెరాని ఎదురు తిప్పే యంత్రం, స్టార్ ట్రాకర్, ఇంట్లోకొచ్చింది. దాని ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు గురి కుదరాలి. మార్కాపురంలో ధ్రువుడు ఎక్కేది 16 డిగ్రీల ఎత్తుకి అటూ ఇటూ. చేయి చాపి పిడికిలి పడితే, ఒకటిన్నర పిడికిళ్ళు. సరిగ్గా అక్కడ పక్కింటివారి నీళ్ళ ట్యాంకు ఉంది. ట్యాంకుని కొంచెం తూర్పుకి జరపమని వాళ్ళని అడుగుతారా అని మామగారిని కోరిన అల్లుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. మామగారు నిజంగానే వెళ్ళి అడిగారు.

ఆ మామగారికీ ఒక రాత్రి ఓపిక సడలింది. అల్లుడు కెమెరాకి మూత పెట్టి వరసగా క్లిక్కుమనిపిస్తున్నాడు. కాసేపు మొహమాటపడి, "అల్లుడుగారూ, మూత తియ్యడం మరిచిపోయారు" అన్నారు. మరిచిపోలేదట. సెన్సర్ వేడెక్కి పుట్టించే దొంగచుక్కల్ని విడిగా ఫొటో తీసి, అసలు ఫొటోలోంచి తీసెయ్యడానికి చీకటినే ఫొటోలు తియ్యాలట. తెల్లారాక లెన్సు మూతికి తెల్ల బనీను బిగించి ఇంకో విడత తీశాడు, ఇది గాజు మీది దుమ్ము లెక్క తేలడానికి. ఇవన్నీ పోగేసి, ఒకే దృశ్యాన్ని నాలుగుసార్లు తీసి కలిపితే గరుకు సగమవుతుంది, వందసార్లు తీస్తే పదోవంతవుతుంది అని మామగారికి వివరించాడు. ఆయన అంతా విని, "బనీను నాదే అనుకుంటా" అన్నారు.

ఇక నా బాకీ. మా అమ్మాయి నిశ్చితార్థానికి ఫొటోగ్రాఫర్ని పెడతానంటే, "ఇంట్లో కెమెరా ఉండగా బయటివాడెందుకు అన్నగారూ" అని బుజం మీద వేసుకున్నాడు. కరిగిపోయాను. రెండు సంగతులు దాచాడు. ఒకటి, నీహారికల్లోని హైడ్రోజన్ ఎరుపుని, అదే 656 నానోమీటర్లని, కెమెరాలోని ఫిల్టర్ చాలావరకు అడ్డుకుంటుందని దాన్ని పీకించేశాడు. రెండు, లెన్సు మీద అనంతం గుర్తున్న చోట అనంతం ఉండదు కాబట్టి, ఒక నక్షత్రాన్ని పదింతలు పెద్దది చేసి చూసుకుంటూ ఫోకస్ కుదిర్చి, రింగు జరక్కుండా టేపు వేశాడు. గంటల తపస్సు కనక ఆ టేపు పీకడానికి చేతులు రాలేదు. ఫొటోల్లో మా రెండు కుటుంబాలూ వసంతాలాడి వచ్చినట్టు ఎర్రగా, మసకగా ఉన్నాం. మా తలల మధ్యలోంచి, ఊరి చివర గుడి కలశం మాత్రం నిగనిగలాడుతోంది. వియ్యపురాలు ఒక్కో ఫొటో చూసి, "గుడి బాగుందండీ" అన్నారు.

ఆ అవమానానికి అతను నా దగ్గర ముక్తసరిగా ఒక "సారీ" చెప్పి, వెంటనే ఇంకో 135 కొనాలనే ఆలోచన బయటపెట్టాడు. రెండు పక్కపక్కన బిగిస్తే ఒకే రాత్రిలో రెట్టింపు వెలుగట. దానికీ ప్రమాణం సిద్ధం. పీటర్ వాన్ డొక్కమ్, రాబర్టో ఏబ్రహామ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు న్యూ మెక్సికోలో కేనన్ 400 ఎం.ఎం. లెన్సుల్ని గుత్తిగా కట్టి డ్రాగన్‌ఫ్లై అనే దూరదర్శిని చేశారు. పెంచుకుంటూ పోయి 48కి చేర్చారు. పెద్ద పెద్ద అద్దాలకి చిక్కని మసక గెలాక్సీలు దానికి చిక్కాయి. "వాళ్ళు 48 పెట్టుకుంటే నేను రెండోది అడగటం తప్పా?" అన్నాడు. మా మరదలు కూర తరుగుతూ, "వాళ్ళ పిల్లల ఫొటోలెవరు తీస్తున్నారో కనుక్కోండి" అంది.

అయినా అతని మీద గట్టిగా కోపం రాదు నాకు. కార్తీకంలో మంచుపడి గాజు చెమరుస్తుందని లెన్సుకి వెచ్చటి పట్టీ కట్టి, తను ఉత్త చొక్కాతో వణుకుతూ కూర్చునే మనిషిని ఏమంటాం? పైగా ఆ తెగులు నాకూ అంటుకుంది. ఈమధ్య ఎవరింటికెళ్ళినా పెళ్ళి ఆల్బం చేతికిస్తే, వధూవరుల్ని దాటేసి నా కళ్ళు తిన్నగా మూలలకి పోతున్నాయి. సీరియల్ బల్బులకి రెక్కలున్నాయేమో చూస్తున్నాను. మా ఆవిడ మోచేత్తో పొడుస్తోంది.

అతను తీసిన ఆండ్రోమెడాని పెద్దది చేయించి, అద్దం బిగించి మామగారింటి హాల్లో వెంకటేశ్వరస్వామి పక్కన తగిలించాం. నిజంగా బాగుంది, ఒప్పుకోవాలి. వచ్చినవాళ్ళకల్లా మామగారు, "మా చిన్నల్లుడు తీసింది. మామూలు లెన్సుతో. టెలిస్కోప్ అయితే పట్టదు" అని చెబుతున్నారు. మా అత్తగారు శుక్రవారంనాడు దేవుడి పటాలతోపాటు దానికీ కుంకుమ బొట్టు పెట్టారు, గెలాక్సీ నడిమధ్యన. అల్లుడు చూశాడు. ఏమంటాడోనని అందరం ఊపిరి బిగబట్టాం. పటం దగ్గరికి వెళ్ళి, అద్దానికి ముక్కు ఆనించి, పైన కుడివైపు మూల వేలితో చూపించాడు.

"అత్తయ్యగారూ, వచ్చే శుక్రవారం నుంచి బొట్టు ఇక్కడ పెట్టండి. ఈ ఒక్కదానికీ ఇంకా రెక్కలున్నాయి."