ఆశమ్మ సంచిలోని కాంటాను

బోధన్ దిక్కు కాంటా అంటే చెరుకు బండ్లను టన్నుల్లో తూచేదే గుర్తొస్తుంది. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డా ఆ పేరు పోలేదు. నేను చిన్న కాంటాను. ఒక కొక్కెం, ఒక స్ప్రింగు, ఒక ముల్లు, కింద గుడ్డ ఊయల. ఊరి ఆరోగ్య కార్యకర్త (ఆశ) అయిన ఆశమ్మ సంచిలో థర్మామీటరు, గడియారం పక్కన ఉంటాను. పసికందుల బరువు చెప్పడమే నా పని.

నాకు ఈ కొలువు దొరకడానికి మూలం మహారాష్ట్రలోని గడ్చిరోలి. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊరి ఆడవాళ్లకే పసిపిల్లల సంరక్షణ నేర్పించి, శిశు మరణాలను బాగా తగ్గించి చూపారు. 1999లో ఆ ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. 2011లో దేశమంతటా ఆశ కార్యకర్తలకు ఈ పని అప్పగించారు. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో మేం ఆ ఇంటికి పోతాం. ఆశమ్మ సబ్బుతో చేతులు కడుక్కుంటుంది, నా ముల్లును సున్నాకు తెస్తుంది, బిడ్డను ఊయలలో వేసి నన్ను కంటి ఎత్తుకు లేపుతుంది. తర్వాత నిండు నిమిషం ఊపిరి లెక్కపెడుతుంది. 60 గానీ అంతకు మించి గానీ ఉంటే ప్రమాదమే.

ఒక చలికాలం బీడీలు చుట్టే ఇంటికి పోయాం. నా ముల్లు 2 కిలోల 100 గ్రాముల దగ్గర ఆగింది. రెండున్నర కిలోలుంటే నాకు ధైర్యం.

“ఆశమ్మా, పిల్ల సన్నగుంది. పాలు సరిపోతలేవేమో, శక్కర నీళ్లు నాకిద్దామా?” అంది అమ్మమ్మ.

“వద్దవ్వా. తల్లి పాలే ఇయ్యాలె, రెండు గంటలకోసారి. పిల్లను బట్టల్లేకుండ నీ బిడ్డ ఎద మీద పండవెట్టి పైన దుప్పటి కప్పు. తానం ఇప్పుడే పోయకుండ్రి.”

అమ్మమ్మ విన్నది. 28వ రోజుకు నా ముల్లు రెండున్నర దాటింది. ఇంకో ఇంట్లో 1,700 గ్రాములే చూపాను. 1,800 లోపు ఉంటే ఇంట్లో ఉంచకూడదు. ఆశమ్మ వెంటనే 108కి ఫోన్ చేసి, నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలోని నవజాత శిశు విభాగానికి పంపించింది.

ఇన్నేళ్లు తూచాక ఒక్క మాట చెప్పాలి. నేను చూపేది బిడ్డ బరువే అయినా, అందులో తల్లి గడిపిన నెలలన్నీ ఉంటాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నా, తొలి గంటలో తల్లిపాలు అందేది నూటికి 37 మందికే. ముర్రుపాలు బిడ్డకు తొలి రక్షణ. అవి చాలామందికి వేళకు దక్కడం లేదు. ఇక మా దిక్కు కడుపుతో ఉన్నవాళ్లు కూడా తంబాకు దుమ్ము పీలుస్తూ, వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా నడుం ఎత్తరు. పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లూ వాళ్లలో ఉంటారు.

కాన్పు తర్వాత నేను చూపే అంకెను మార్చే పని కాన్పుకు ముందే జరగాలి. కోడలి పళ్లెంలో రోజూ గుడ్డు, ఆకుకూర పెట్టండి. ఐరన్ గోలీలు మింగించండి. బీడీల చాట పక్కన పెట్టించండి. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం ఉంచండి. ఇవి పాటించిన ఇంట్లో ఆశమ్మ తూచి, రాసుకుని, నిశ్చింతగా లేస్తుంది. అలాంటి ఇళ్లు ప్రతి ఊళ్లో పెరగాలి.